సీట్ల లెక్కతో దక్షిణ తెలంగాణను కొలవొద్దు

ఉద్యమం చేసింది ఉత్తర తెలంగాణ, ఫలితం అనుభవిస్తున్నది దక్షిణ తెలంగాణ. ఈ మాట ఇప్పుడు మళ్లీ వినవస్తున్నది. టీవీ చర్చల్లో అంటున్నరు, హైదరాబాద్ మీటింగుల్లో అంటున్నరు. నల్లగొండ, పాలమూరు జిల్లాలకు తెలంగాణ సోయి తక్కువట. ఇక్కడి జనం గట్టు మీద కూర్చొని చూసిన్రట. ఉద్యమంలో తిరిగిన వాళ్లు కూడా ఈ మాటకు తల ఊపుతుంటే మాకు నొప్పిగా ఉన్నది.

వాళ్లు చూపించే సాక్ష్యం ఒక్కటే. ఎన్నికల ఫలితాలు. ఆ అంకెలను మేము దాచిపెట్టం. 2004లో టీఆర్ఎస్ ఐదు లోక్‌సభ సీట్లు గెలిచింది. కరీంనగర్, వరంగల్, హన్మకొండ, ఆదిలాబాద్, మెదక్. ఒక్కటి కూడా దక్షిణ తెలంగాణది కాదు. అదే ఎన్నికల్లో నల్లగొండ సీటు సీపీఐకి, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ సీట్లు కాంగ్రెస్‌కు, నాగర్‌కర్నూల్ తెలుగుదేశానికి పోయినయి. 2014లో రాష్ట్రం వచ్చిన ఊపులో టీఆర్ఎస్ 17 లోక్‌సభ సీట్లలో 11 గెలిచింది. కాంగ్రెస్‌కు రెండే మిగిలినయి. ఆ రెండూ ఎక్కడివి? నల్లగొండ, నాగర్‌కర్నూల్.

అంకెలు నిజమే. వాటి నుంచి తీసిన తీర్పే తప్పు. ఓటు పడేది గుర్తుకు. ఆకాంక్ష ఉండేది మట్టిలో. ఈ రెండూ ఒక్కోసారి కలుస్తయి, ఒక్కోసారి కలవవు. ఎక్కడ కలిసినయో, ఎక్కడ కలవలేదో ఊరు ఊరుగా చూడాలె తప్ప, సీట్లు లెక్కబెట్టి ఒక ప్రాంతం మీద ముద్ర వేయడం న్యాయం కాదు. మన రెండు జిల్లాల డెబ్బయి ఏండ్ల ఓటు చరిత్ర చెప్తున్నది ఇదే.

నెహ్రూను మించిన ఓట్లు

1952 మొదటి సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పటికింకా నిషేధం ఉండె. పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరు మీద నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నల్లగొండలో 3 లక్షల 9 వేల పైచిలుకు ఓట్లు పడ్డయి. దేశ ప్రధాని నెహ్రూకు అలహాబాద్ వైపు పడ్డవి 2 లక్షల 33 వేల చిల్లర. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం. రెండో సీటులో దళిత నాయకుడు సుంకం అచ్చాలును కూడా అదే ఫ్రంట్ నుంచి గెలిపించుకున్నరు.

ఆ ఓటు ఎక్కడి నుంచి వచ్చింది? గుత్ప పట్టిన చేతుల నుంచి వచ్చింది. వెట్టి బందయిన గడీల ముందు నుంచి, సంగం పంచిన భూముల నుంచి వచ్చింది. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం ఓటు రూపంలో పెట్టెలో పడ్డది.

అదే ఏడాది పక్కనున్న పాలమూరులో కథ వేరు. ఇది సంస్థానాల గడ్డ. గద్వాల, వనపర్తి రాజుల ఏలుబడిలో నలిగిన నేల. నల్లగొండలో సంగం వేళ్లూనినంతగా ఇక్కడ ఊనలేదు. కాంగ్రెస్ నిలబడ్డది. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిండు. పాలమూరు పేదోడికి నల్లగొండ పేదోడి కన్నా ఆకలి తక్కువా? దొర అంటే ప్రేమ ఎక్కువా? కాదు. ఆకలి రెండు చోట్లా ఒక్కటే. ఆ ఆకలిని ఓటుగా మలిచే నిర్మాణం ఒక చోట ఉన్నది, ఇంకో చోట లేదు. ఓటు సరళిని చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఇది.

ఒకే జిల్లా, రెండు తీర్పులు

1971 లోక్‌సభ ఎన్నికలు తెలంగాణవాదులు మరువలేనివి. 1969లో పారిన నెత్తురు ఇంకా ఆరలేదు. తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లలో 10 గెలిచింది. నల్లగొండలో కంచర్ల రామకృష్ణారెడ్డి, నాగర్‌కర్నూల్‌లో ఎం. భీష్మదేవ్, మహబూబ్‌నగర్‌లో జె. రామేశ్వర్‌రావు సమితి తరఫున గెలిచిన్రు. దక్షిణ తెలంగాణకు సోయి లేదనేవాళ్లు ఈ మూడు సీట్ల గురించి ఏమంటరు?

అయితే మనకు అనుకూలమైన అంకెను కూడా నిలదీసి చూడాలె. రామేశ్వర్‌రావు వనపర్తి సంస్థాన వారసుడు. 1967లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిండు, 1977లో మళ్లీ కాంగ్రెస్ మీద గెలిచిండు. నడుమ 1971లో సమితి మీద గెలిచిండు. మరి ఆ ఓటు తెలంగాణకా, రాజావారికా? రెండూ కలిసినయనే మేము అనుకుంటున్నం. ఎంత పాలు దేనిదో బ్యాలెట్ కాగితం చెప్పదు.

ఇప్పుడు మిర్యాలగూడ చూడండి. అదే జిల్లా, అదే ఏడాది, అదే గాలి. గెలిచింది సీపీఎం అభ్యర్థి భీమిరెడ్డి నర్సింహారెడ్డి. ఆయన పార్టీ ప్రత్యేక రాష్ట్రాన్ని వ్యతిరేకించింది. అంటే మిర్యాలగూడ, సూర్యాపేట వైపు జనం సమైక్యవాదులా? బి.ఎన్. అంటే ఆ ఊర్లకు పార్టీ సిద్ధాంతం కాదు, తుపాకి పట్టి తమ కోసం అడవిల తిరిగిన మనిషి. భూమి దక్కించుకున్న ఇంటోడు ఆ మనిషికి ఓటు వేసిండు. పైగా 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన్రు. కాలువ కింద పొలం తడిసిన ఊర్ల లెక్క వేరయింది. కాలువ ఎక్కని మునుగోడు, దేవరకొండ మెట్టల లెక్క వేరయింది. ఒకే జిల్లాలో కాలువ గట్టుకు ఇటు ఒక రాజకీయం, అటు ఒక రాజకీయం మొలిచింది.

ఇంకొక్క ముచ్చట. 1969 ఉద్యమం రాజుకున్నది పాల్వంచ, ఖమ్మం నుంచి. 1971లో సమితి ఓడిపోయిన నాలుగు సీట్లలో ఖమ్మం ఒకటి! అగ్గి పుట్టిన చోటే సీటు పోయింది. సీట్లతో సోయిని కొలిచేవాళ్లు ఖమ్మం పిల్లలకు కూడా ఉద్యమం తెల్వదంటరా?

480 మంది ఒక్క మాట కోసం

1996లో నల్లగొండ లోక్‌సభ ఎన్నికను దేశమంతా చూసింది. బరిలో 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఎన్నికల సంఘం పోలింగు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. అంతమంది ఎందుకు నిలబడ్డరు? ఎంపీ కావాలని కాదు. ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరబోయిన బిడ్డలను దేశానికి చూపించాలని. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జల సాధన సమితి చేసిన పని అది. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. నామినేషన్ వేసిన రైతుల్లో దాదాపు అందరి డిపాజిట్లూ పోయినయి.

సీట్ల లెక్కలో చూస్తే ఫ్లోరైడు సమస్యకు నల్లగొండలో ఓట్లే లేవు. డిపాజిట్ కూడా దక్కలేదు. మరి సమస్య లేనట్టేనా? బొక్కలు వంగినది అబద్ధమా? ఢిల్లీ ఆ సందేశాన్ని ఎట్ల అందుకున్నదో తెలుసు కదా. నీళ్లకన్నా ముందు డిపాజిట్ పెంచింది. 500 రూపాయలున్న లోక్‌సభ డిపాజిట్ అదే ఏడాది 10 వేలయింది. పేదోడు అరిస్తే దవాఖాన తెరవరు, నోటికి తాళం వేస్తరు.

ఒకే రోజు, మూడు గుర్తులు

మా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 2012 మార్చిలో జరిగిన ఉప ఎన్నికలు. ఒక్క పాలమూరు జిల్లాలోనే మూడు అసెంబ్లీ స్థానాలకు ఒకే రోజు పోలింగు. కొల్లాపూర్‌లో మంత్రి పదవి వదిలి కాంగ్రెస్ నుంచి బయటికొచ్చిన జూపల్లి కృష్ణారావు టీఆర్ఎస్ మీద గెలిచిండు. నాగర్‌కర్నూల్‌లో తెలుగుదేశం నుంచి బయటపడ్డ నాగం జనార్దన్‌రెడ్డి ఇండిపెండెంటుగా గెలిచిండు. మహబూబ్‌నగర్‌లో టీఆర్ఎస్ పోటీలో ఉండగానే బీజేపీ నుంచి యెన్నం శ్రీనివాస్‌రెడ్డి గెలిచిండు.

మూడు స్థానాలు, మూడు గుర్తులు, ఒక్కటే నినాదం. ముగ్గురూ జై తెలంగాణ అన్నవాళ్లే. పార్టీల వారీగా లెక్కబెట్టే పెద్దమనిషి ఆ రోజు టీఆర్ఎస్‌కు మూడింట ఒక్కటే వచ్చిందని రాసుకుంటడు. జనం తరఫున లెక్కబెట్టే మనిషి తెలంగాణకు మూడింట మూడు వచ్చినయని రాసుకుంటడు. పాలమూరు ఓటరు పార్టీని చూడలేదు, మాట చూసిండు. దీన్ని సోయి తక్కువ అంటరా, ఎక్కువ అంటరా?

నల్లగొండలో కాంగ్రెస్ బలాన్ని కూడా ఈ కండ్లతోనే చూడాలె. 2011లో కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి తెలంగాణ కోసమే మంత్రి పదవికి రాజీనామా చేసి నిరాహార దీక్షకు కూర్చున్నడు. ఆయన రాజకీయం మీద ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. అట్లాంటి నాయకుడికి పడ్డ ఓటును తెలంగాణకు వ్యతిరేక ఓటు అని మాత్రం ఎవరూ రాయలేరు.

అమెరికాలోనూ ఇదే ముచ్చట

ఇది మన దగ్గరి వింత కాదు. నూటయాభై ఏండ్ల కింద అమెరికాలో ఒక కొండ ప్రాంతం విడిపోయి రాష్ట్రమయింది. అదే వెస్ట్ వర్జీనియా. వర్జీనియా రాష్ట్రంలో తూర్పు వైపు మైదానం, పెద్ద పెద్ద తోటలు, వేల మంది బానిసలు. పశ్చిమాన కొండలు, చిన్న రైతులు. అధికారమంతా తూర్పు దొరలది. పశ్చిమ రైతు పశువుకు, భూమికి పూర్తి పన్ను కట్టాలె. తూర్పు దొర బానిసల మీద పన్నుకు పరిమితి. పన్నెండేండ్లలోపు బానిస పిల్లల మీద పన్నే లేదు. రోడ్లు, రైళ్లు, సీట్లు అన్నీ తూర్పుకే. ఎక్కడో విన్న ముచ్చటలా లేదా? మన మిగులు నిధుల పంచాయితీ వినిపిస్తలేదా?

1860 నవంబరులో అధ్యక్ష ఎన్నికలు వచ్చినయి. అబ్రహాం లింకన్ గెలిచిన ఎన్నిక అది. వర్జీనియా మొత్తం మీద లింకన్‌కు పడ్డవి రెండు వేల లోపు ఓట్లే. పశ్చిమ కొండల కౌంటీల్లో చాలా చోట్ల ముందున్నది ఎవరనుకుంటున్నరు? బానిసత్వాన్ని వెనకేసుకొచ్చిన దక్షిణాది డెమోక్రాట్ల అభ్యర్థి బ్రెకిన్‌రిడ్జ్! ఆ అంకెలు చూసిన ఎవడైనా ఈ కొండోళ్లు తూర్పు దొరల వెంటే ఉన్నరని రాసేటోడు. ఆరు నెలలు తిరిగినయి. 1861 మే 23న అమెరికా నుంచి వర్జీనియా విడిపోవాలా అని నేరుగా అడిగిన్రు. వాయవ్య కౌంటీల జనం పెద్ద ఎత్తున వద్దన్నరు. 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా ప్రత్యేక రాష్ట్రమయింది.

నవంబరులో వాళ్లు ఓటు వేసింది తాతల నాటి పార్టీకి. మేలో వేసింది తమ బతుకుకు. ప్రశ్న మారింది, జవాబు మారింది. మన జనాన్ని ఏనాడైనా తెలంగాణ కావాలా వద్దా అని నేరుగా అడిగిన్రా? విశాలాంధ్రలో కలిపేటప్పుడు అడగలేదు, 1969లో అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు వెతికి, మీరు జవాబు సరిగ చెప్పలేదని మందలించడం ఏం న్యాయం?

అదే కథలో ఇంకో పాఠం ఉన్నది. వర్జీనియా పక్కనున్న తూర్పు టెన్నెసీ కొండల జనం కూడా 1861 జూన్‌లో విడిపోవడాన్ని భారీగా తిరస్కరించిన్రు. మాకు వేరే రాష్ట్రం ఇవ్వండని అర్జీ పెట్టుకున్నరు. వాళ్లకు రాలేదు. పశ్చిమ వర్జీనియాకు నది దాటి వచ్చి నిలబడ్డ బలం ఉన్నది, తూర్పు టెన్నెసీకి సమయానికి అది దొరకలేదు. ఆకాంక్ష ఉంటే చాలదు, దానికి చట్టసభలో చేతులు లేవాలె. ఈ సంగతి 1971లో పది సీట్లు గెలిచి, అదే ఏడాది సమితి కాంగ్రెస్‌లో కలిసిపోతే చూసుకుంటూ మిగిలిన మన తండ్రులకు బాగా తెలుసు.

అందుకే సీట్లు అక్కరలేదని మేము అనడం లేదు. 2009లో పాలమూరు ఓటర్లు సుమారు 20 వేల మెజారిటీతో గెలిపించి పంపిన ఎంపీయే కేసీఆర్. 2009 నవంబరు 29న దీక్షకు బయల్దేరినప్పుడు ఆయన మహబూబ్‌నగర్ ఎంపీ. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు గట్టెక్కినప్పుడూ మహబూబ్‌నగర్ ఎంపీయే. ఉత్తరం దక్షిణం అని గీతలు గీసేటోళ్లు ఆ సీటు ఎవరిచ్చిందో యాది చేసుకోవాలె.

శంకరమ్మ ఓటమి చెప్పేదేమిటి

ఇక మనసుకు కష్టమైన లెక్క ఒకటున్నది. 2009 డిసెంబరు 3న కన్నుమూసిన కాసోజు శ్రీకాంతాచారి నల్లగొండ జిల్లా బిడ్డ. మలిదశ ఉద్యమానికి ఆ మంట ఒక మలుపు. ఆయన తల్లి శంకరమ్మ 2014లో హుజూర్‌నగర్ నుంచి టీఆర్ఎస్ అభ్యర్థిగా నిలబడి ఓడిపోయింది. రాష్ట్రం వచ్చిన ఏడాదే, సొంత జిల్లాలోనే, అమరుడి తల్లి ఓడింది. గెలిచింది కాంగ్రెస్ నుంచి ఉత్తమ్‌కుమార్‌రెడ్డి.

దీన్ని చూపించి నల్లగొండకు కృతజ్ఞత లేదన్నవాళ్లున్నరు. మేము ఒప్పుకోం. హుజూర్‌నగర్ సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. కృష్ణ ఒడ్డున్న ప్రాంతం. అక్కడ కాంగ్రెస్‌కు ఏండ్ల నాటి బూతు నిర్మాణం ఉన్నది. బిల్లు పెట్టిన పార్టీ కూడా మాదే అని వాళ్లు చెప్పుకున్నరు. ఆ తల్లిని ఆమె సొంతూరు పొడిచేడుకు దూరంగా, పార్టీకి పునాది సన్నగా ఉన్న చోట నిలబెట్టిన్రు. ఓడింది అమరుడి త్యాగం కాదు, పార్టీ చేసిన ఎంపిక. నిజంగా గౌరవించాలనుకున్నోళ్లు గెలిచే సీటు ఇయ్యాలె. ఓడే సీటు ఇచ్చి, ఓడినంక జనాన్ని తిట్టడం ఏ రకం గౌరవం?

ఓటు ఎవరికీ పట్టా కాదు

రాష్ట్రం వచ్చిన తర్వాత లెక్కలు చూడండి. 2018లో ఉమ్మడి పాలమూరు 14 సీట్లలో 13 టీఆర్ఎస్‌కు ఇచ్చింది. 2023లో అదే 14లో 12 కాంగ్రెస్‌కు ఇచ్చింది. నల్లగొండ 12లో 11 కాంగ్రెస్‌కు ఇచ్చి సూర్యాపేట ఒక్కటి ఉంచింది. మహబూబ్‌నగర్ పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ స్థానాలూ 2023 నవంబరులో కాంగ్రెస్ గెలిచినవే. ఆరు నెలలు నిండకముందే 2024 మేలో ఆ ఎంపీ సీటు నాలుగున్నర వేల మెజారిటీతో బీజేపీకి పోయింది.

2018లో గెలిచిన పార్టీ పాలమూరు మాదే అన్నది. 2023లో గెలిచిన పార్టీ కూడా అదే అంటున్నది. ఇద్దరికీ చెప్పాల్సింది ఒక్కటే. ఓటు ఎవరి పేరు మీదా పట్టా చేసి ఇయ్యలేదు. పాలమూరు బిడ్డ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పుణెలో ముంబైలో మట్టి తవ్వి, ఓటు నాటికి బస్సెక్కి వచ్చి వేసి పోయేది ఎవరి మీదో మొక్కుబడితో కాదు. ఈసారన్నా కాలువ వస్తదేమో అనే ఆశతో.

ఆ ఆశకు ఏం దక్కింది? ఆర్డీఎస్ కింద అలంపూర్, గద్వాల రైతులకు రాతల్లో 87,500 ఎకరాలు. కాలువ చివరి రైతును అడగండి, ఎన్ని ఎకరాలు తడిసినయో. నల్లగొండ మెట్టలకు కృష్ణ నీళ్లు తెచ్చే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం 2025 ఫిబ్రవరి నాటికి కూడా పూర్తికాలేదు. ఆ నెల 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయిన్రు. పొట్టకూటికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలూ అందులో ఉన్నరు. పొరుగు రాష్ట్రాల్లో మట్టి పని చేసే పాలమూరు కూలీకి ఆ ఎనిమిది ఇండ్ల ఏడుపు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమైతది? బూర్గుల కాలంలో షాద్‌నగర్ నుంచి ఒక ముఖ్యమంత్రి, 2023 డిసెంబరులో కొడంగల్ నుంచి ఒక ముఖ్యమంత్రి. కుర్చీ పాలమూరుకు రెండుసార్లు వచ్చింది. వలస బస్సు ఆగలేదు.

విద్యార్థి మిత్రులకు, ఉద్యోగ మిత్రులకు మా విన్నపం. ఉద్యమంలో మీరు కాలేజీ గేటు ముందు, ఆఫీసు మెట్ల మీద నిలబడ్డరు. ఇప్పుడు ఇంకో పని ఉన్నది. ప్రతి ఎన్నిక తర్వాత ఎన్నికల సంఘం ఫారం 20 పేరుతో బూతుల వారీ లెక్క ఇస్తది. దాన్ని తీసుకొని మీ మండలం చూడండి. ఏ తండా ఎటు వేసింది, కాలువ ఎక్కిన ఊరు ఎటు, ఎక్కని ఊరు ఎటు, వలస పోయిన వాడలో ఎంత శాతం పడ్డది, రాసుకోండి. తర్వాత ఆ ఊరికి పోయి అడగండి, ఎందుకు వేసిన్రని. జిల్లాకొక ముద్ర వేసే పెద్దలకు జవాబు అక్కడ దొరుకుతది. రేపు మన నీళ్ల వాటా కోసం కొట్లాడేటప్పుడు పనికొచ్చే లెక్క కూడా అదే.

ఉత్తరం వేరు, దక్షిణం వేరు అనే మాట ఎవరికి లాభం? కృష్ణ నీళ్ల పంచాయితీలో మనం ఒక్క గొంతుతో మాట్లాడొద్దనుకునేటోళ్లకే లాభం. గోదారి ఒడ్డున్న అన్న, కృష్ణ ఒడ్డున్న తమ్ముడు ఎవరి త్యాగం పెద్దదని కొట్లాడుకుంటే, నడుమ నీళ్లు కిందికి పోతయి. నల్లగొండ, పాలమూరు ప్రజలు గుర్తులు మార్చిన్రు, పార్టీలను ఎక్కించిన్రు, దించిన్రు. అడిగింది మాత్రం 1952 నుంచి మారలేదు. భూమి, నీళ్లు, కొలువు, మర్యాద. వాటి లెక్క చెప్పకుండా సీట్ల లెక్క చెప్పేవాళ్లు ఎవరైనా సరే, మనం నమ్మాల్సిన పని లేదు.

జై తెలంగాణ!